నాయనమ్మను చంపిన తాలింపు

శుక్రవారం సాయంత్రం మా మేఘన బడి నుంచి వచ్చి, సంచీలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. నేను ఎప్పటిలాగే "ఆ, చూస్తాలే" అని కూర కలుపుతూ ఉండిపోయాను. "అమ్మా, ఇట్స్ అబౌట్ అస్" అంది పిల్ల. మన గురించేనట. ఐదో తరగతిలో కవితల పాఠం నడుస్తోందట. అమెరికా కవయిత్రి ఒకావిడ తెలుగువాళ్ళ ఆచారం మీద రాసిన కవిత అందులో ఉందట. క్లాసు మొత్తానికి తెలుగు పిల్ల తనొక్కతే కాబట్టి, అమ్మను అడిగి తెలుసుకుని సోమవారం అందరికీ ఆ ఆచారం గురించి చెప్పమని టీచరు పురమాయించిందట. మనింట్లో ఎవరైనా పోతే స్మోక్ అలారానికి తెల్లగుడ్డ కడతామా అని ఇంగ్లీషులో అడిగింది. నేను గరిటె పక్కన పెట్టాను. కాగితం తీసుకుని కవిత కింద ఎవరి పేరుందో చూశాను. రోవీనా మేడం పేరు ఉంది.

నేను కథలు రాస్తాను. ఉండేది కెనడాలో. గ్వెల్ఫ్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ రిపోర్టులు రాయడం ఉద్యోగం, సెలవు రోజుల్లో రాసుకున్న కథలు అప్పుడప్పుడు తెలుగు పత్రికల్లో వస్తుంటాయి. చదువుకునే రోజుల గురించి చాలానే రాశాను. మంచులో బస్సు కోసం నిలబడి కాళ్ళు మొద్దుబారడం, కాఫీ షాపులో నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టడం, ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పడం, అన్నీ రాశాను. కళ్ళకు కట్టినట్టుంది సునందగారూ అని చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. కానీ నా కథల్లో, నేను చదువుకున్న సార్నియా ఊళ్ళోని ఇంటికి ఎప్పుడూ బేస్‌మెంటు మాత్రమే ఉంటుంది. పైన ఎవరూ ఉండరు. పైన ఎవరుండేవారని అడిగిన పాఠకుడు లేడు. పెళ్ళై ఇన్నేళ్ళైనా మా ఆయనకు కూడా నేను చెప్పలేదు.

ఆ రోజుల్లో సార్నియా కాలేజీకి మనవాళ్ళు తండోపతండాలుగా వచ్చేవాళ్ళు. కాలేజీలో తెలుగు వినపడని మూల ఉండేది కాదు. ఊరు చిన్నది, బస్సులు తక్కువ, కారు కొనే స్తోమత ఎవరికీ లేదు, అందుకని నడిచి వెళ్ళగలిగే దూరంలో గది దొరికితే అదే పెద్ద అదృష్టం. ఒక్క గదిలో ఆరుగురు సర్దుకుని పడుకునే ఇళ్ళు నాకు తెలుసు. అలాంటి సమయంలో తెనాలి నుంచి వచ్చిన నాకూ, కరీంనగర్ నుంచి వచ్చిన సౌజన్యకూ, కాలేజీకి ఇరవై నిమిషాల నడకలో ఒక బేస్‌మెంటు దొరికింది. రెండు కిటికీలు, సొంత స్టవ్వు, వేణ్ణీళ్ళకు కొరత లేదు. మా క్లాసువాళ్ళు వచ్చి చూసి కుళ్ళుకునేవాళ్ళు. ఆ ఇల్లు పోగొట్టుకోవడమన్న ఆలోచనే మాకు భయంగా ఉండేది.

పైన ఉండేది రోవీనా మేడం. డెబ్బై దాటిన మనిషి, ఒంటరి. తనను పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పింది గానీ, అంత పెద్దావిడను ఒట్టి పేరుతో పిలవడానికి మాకు నోరు రాలేదు, చివరికి మేడం అని తగిలించుకున్నాం. ఆవిడ పుట్టింది ఊరి పక్క నదికి అవతలి ఒడ్డున, అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం. తండ్రి సరస్సుల మీద ఇనుప రాయి మోసే ఓడల్లో వంటవాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉండే మగవాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళ మధ్య పెరిగింది. బడిలో పాఠాలు చెప్పింది, రెండు కవితల పుస్తకాలు, ఒక కథల పుస్తకం రాసింది. సార్నియా రిఫైనరీలో పైపులు బిగించే ఆయన్ని పెళ్ళాడి వంతెన దాటి ఇటు వచ్చేసింది. నలభై ఏళ్ళు కెనడాలో కాపురం చేసి కూడా "నేను అమెరికన్ని, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చాను" అని నవ్వేది. ప్రతి గురువారం కారు నడుపుకుంటూ వంతెన దాటి, అవతల ఉన్న చెల్లెలు ఐరిస్‌తో భోంచేసి సాయంత్రానికి తిరిగొచ్చేది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. మాడిన రొట్టె, పెన్సిలు పొట్టు, పొద్దుటి కాఫీ, గాలి దక్షిణం నుంచి తిరిగితే ఫ్యాక్టరీల గంధకపు కంపు. మేడం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్సిలుతో రాసేది. భర్త బతికున్నప్పుడు రిఫైనరీ వాళ్ళు ఏటేటా ఇచ్చిన భద్రతా క్యాలెండర్లు బీరువా నిండా దాచింది, వాటి వెనక వైపు రాసేది. ఒక వైపు హెల్మెట్ పెట్టుకోమని బొమ్మ, రెండో వైపు కవిత. రాసిన వాక్యాన్ని పైకి చదివి స్టవ్వు మీది కెటిల్‌కి వినిపించేది. "ఇది ఏం చదివినా ఈల వేస్తుంది, దీన్ని నమ్మకూడదు" అనేది. సోమవారం మధ్యాహ్నం ఊరంతటా ప్రమాద సైరన్లు పరీక్ష కోసం మోగేవి. మేము వచ్చిన కొత్తలో హడలిపోయి మెట్లెక్కి పరిగెత్తాం. మేడం మా చేతుల్లో తలా ఒక బిస్కెట్టు పెట్టి, ఈ ఊళ్ళో సోమవారం చావడానికి వీల్లేదు, ఎవరూ పట్టించుకోరు అని చెప్పింది. తన కథల పుస్తకం నాకొక ప్రతి ఇచ్చింది. మూడు పేజీలు చదివి దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయాను. ఎలా ఉందని అడిగితే చాలా బాగుందన్నాను. పెద్దవాళ్ళు అడిగితే బాగుందనడమే మనకు తెలిసిన మర్యాద.

ఇక తాలింపు సంగతి. మా స్టవ్వుకు సరిగ్గా పైన అలారం ఉండేది, గోడకు కొట్టిన అప్పడంలాగా తెల్లగా, గుండ్రంగా. ఎండుమిరపకాయ నూనెలో పడిందంటే చాలు, చెవులు చిల్లులు పడేలా అరిచేది. తెనాలిలో మా నాయనమ్మ సీతారావమ్మ తాలింపు పెడితే వీధి చివర ఉన్నవాళ్ళు తుమ్ముతూ "ఇవాళ పప్పుచారా అత్తయ్యా" అని అడిగేవాళ్ళు. ఇక్కడ అగ్నిమాపక దళం వచ్చేలా ఉంది. మొదటిసారి మేడం చెప్పులు టపటపలాడించుకుంటూ దిగివచ్చి తువ్వాలుతో విసిరి నవ్వింది. రెండోసారి నవ్వలేదు. మూడోసారి పక్కింటాయన ఫోన్ చేస్తే నిజంగానే ఫైర్ ట్రక్కు వచ్చి వీధిలో నిలబడింది. ఆ రోజు మేడం మా ఇద్దరినీ కూర్చోబెట్టి మెత్తగానే చెప్పింది. మళ్ళీ ఇలా జరిగితే మీరు వేరే ఇల్లు చూసుకోవాల్సి వస్తుంది, నా గుండెకు ఇది మంచిది కాదు, అంది.

"ఇగ ఉడకబెట్టిన పప్పు తినుడేనా? గంత కష్టపడి లండన్ దాకా పొయ్యి మిరపకాయలు తెచ్చుకున్నది ఎందుకే?" అంది సౌజన్య. కెనడాలోనూ ఒక లండన్ ఉంది, మన సరుకుల కోసం అక్కడికే వెళ్ళేవాళ్ళం. మరుసటి రోజు తనే ఉపాయం కనిపెట్టింది. నా తెల్ల రుమాలు తీసుకుని, కుర్చీ ఎక్కి, అలారం మీద కప్పి రబ్బరు బ్యాండు వేసింది. మా క్లాసులో చాలామంది చేసే పనే అది, కొందరు స్నానాల టోపీ తొడిగేవాళ్ళు. వంట కాగానే తీసెయ్యాలని ఒప్పందం. నాలుగు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు తీయడం మర్చిపోయాం. ఆ మధ్యాహ్నమే మేడం హీటర్ ఫిల్టరు మార్చడానికి కిందికి వచ్చింది.

అదేంటని అడిగింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆవిడ మొహంలో కోపం ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది. ఇల్లు పోతుందన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. "మా నాయనమ్మ పోయింది మేడం" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నాయనమ్మ ఆ వేళకు తెనాలిలో మర్నాటి చిక్కుడుకాయలకు ఈనెలు తీసి పెట్టుకుని, గురక పెట్టి నిద్రపోతూ ఉండి ఉంటుంది. మా ఆచారం ప్రకారం పదకొండు రోజులు కట్టి ఉంచాలి అన్నాను. ఎందుకని అడిగింది, గొంతు మారిపోయింది. "పోయిన మనిషి ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఉలిక్కిపడకూడదు. అందుకని ఇంట్లో అరిచేవన్నీ కప్పేస్తాం" అన్నాను. మేడం వచ్చి మెట్టు మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాయనమ్మ పేరు అడిగింది. సీతారావమ్మ అని చెప్పాను. ఆవిడ దగ్గర ఏం వాసన వచ్చేదని అడిగింది. ఇంగువ, విబూది అన్నాను. అది చెబుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. అది ఏ ఏడుపో ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు.

సాయంత్రం సౌజన్యకు చెబితే కళ్ళు తేలేసింది. "ఏందే, బతికున్న ముసల్దాన్ని సంపినవా? నెక్స్ట్ ఎవర్ని సంపుతవ్ చెప్పు, మా అమ్మమ్మని దాచిపెట్టుకుంట" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. పైనుంచి ఏ చప్పుడూ లేదని మేము గమనించడానికి రెండు రోజులు పట్టింది. మేడం చెప్పులు వదిలేసి మేజోళ్ళతో నడుస్తోంది. రేడియో ఆపేసింది. ముందు గదిలో గంటలు కొట్టే గోడ గడియారాన్ని ఆపేసింది. కెటిల్ ఈల కొట్టకముందే దించేస్తోంది. ఆ వారం తెనాలి నుంచి వీడియో కాల్ వస్తే నేను దుప్పటి కప్పుకుని, నాయనమ్మను మెల్లగా మాట్లాడమని బతిమాలాను. "నీకు జలుబు చేసిందా, నాకు చెవుడొచ్చిందా?" అని ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. పైన ఒక అమెరికా ముసలావిడ ఈవిడ ఆత్మ కోసం పిల్లిలాగా నడుస్తోంది. కింద మేము గుడ్డ మాటున రోజూ తాలింపులు పెట్టుకుని తింటున్నాం. అప్పట్లో అది నాకు సిగ్గుగా అనిపించింది గానీ, ఇంత సిగ్గుగా అనిపించలేదు.

పదకొండో రోజు ఏం చేస్తారని మేడం అడిగింది. పిలిచి భోజనం పెడతామని చెప్పాను, ఆ ఒక్కటీ నిజమే. గారెలు, పులిహోర చేసి ఆవిడను పిలిచాం. నల్ల గౌను వేసుకుని వచ్చింది. తిన్నాక సంచీలోంచి ఒక క్యాలెండరు కాగితం తీసి చదివింది. సైరన్ల ఊళ్ళో, నేల కింద గదిలో, ఇద్దరు పరాయి ఆడపిల్లలు ఇంటి చెవి మూసి ఒక ముసలమ్మను నిద్ర చెదరకుండా సాగనంపిన కవిత. నాకు ఇంగ్లీషు కవిత్వం అంతగా తెలియదు గానీ, అది విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. సౌజన్య కూడా కదలకుండా విన్నది. భర్త పోయిన తర్వాత తొమ్మిదేళ్ళుగా ఒక్క కవిత కూడా రాలేదని, ఇక రాదనుకున్నానని మేడం చెప్పింది. తర్వాత పెన్సిలు నా చేతికిచ్చింది. "ఇందులో ఏదైనా తప్పుంటే చెప్పు సునందా. చిన్నదైనా సరే. ఒక్క అబద్ధం ఉంటే మొత్తం మునిగిపోతుంది" అంది. సౌజన్య బల్ల కింద నా కాలు తొక్కింది. నేను పెన్సిలు తిరిగిచ్చేసి, "ఏ తప్పూ లేదు మేడం, చాలా బాగుంది" అన్నాను.

మొదటి అబద్ధానికి భయం కారణం అని చెప్పుకోగలను. దీనికి ఏ కారణమూ చెప్పుకోలేను. అడిగింది గది గురించి కాదు, కవిత గురించి. నిజం చెప్పి ఉంటే ఆవిడ ఆ రాత కొట్టేసేదేమో, లేకపోతే పకపకా నవ్వి ఇంకా మంచిది రాసేదేమో. రాసేవాళ్ళు ఎలాంటివాళ్ళో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు, నవ్వేదనే అనిపిస్తుంది.

మంచు కరిగే రోజుల్లో ఐరిస్ పోయింది. బుధవారం నాడు. గురువారం మేడం మామూలుగానే కారెక్కి వంతెన దాటి, ఖాళీ ఇంట్లో చెల్లెలి కుర్చీకి ఎదురుగా కూర్చుని తిరిగొచ్చిందట. ఆ సాయంత్రం నన్ను పైకి పిలిచింది. వంటింట్లో కుర్చీ వేసి ఉంది, బల్ల మీద అంచుకు లేసు కుట్టిన తెల్ల రుమాలు ఉంది. "నా మోకాళ్ళతో ఎక్కలేను. మీ పద్ధతి ప్రకారం నువ్వే కట్టు" అంది. నేను కుర్చీ ఎక్కాను. చేతులు పైకెత్తాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది, అలారంలో చిన్న పచ్చ దీపం వెలుగుతోంది. ఇప్పుడైనా చెప్పు అనుకున్నాను. కింద మేడం రెండు చేతులతో కుర్చీ కదలకుండా పట్టుకుని, నేను పడిపోతానేమోనని పైకి చూస్తోంది. రుమాలు కట్టేసి దిగాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆవిడ గుడ్లు ఉడకబెట్టుకుందామని గిన్నె పొయ్యి మీద పెట్టి, ముందు గదిలోకి వెళ్ళి రాసుకుంటూ కుర్చీలోనే నిద్రపోయింది. చెల్లెలు పోయినప్పటి నుంచి సరిగ్గా నిద్రపోని మనిషి. నీళ్ళు ఇగిరిపోయాయి, గిన్నె మాడింది, పక్కనున్న తువ్వాలు అంటుకుంది. అలారం నోరు నేను మూసేశాను కదా. సౌజన్య కింద చదువుకుంటోంది. పైన మాడు వాసన కొత్తేమీ కాదు కాబట్టి కాసేపు ఊరుకుందట. హీటరు గొట్టంలోంచి పొగ దిగడం మొదలయ్యాక మెట్లు ఎక్కి, మేడంను చంకల కింద చేతులేసి పట్టి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. నేను కాలేజీ నుంచి నడుస్తూ వీధి మలుపు తిరిగేసరికి ట్రక్కులు ఉన్నాయి, వంటింటి కిటికీ నల్లగా ఉంది. పొయ్యి పక్క సొరుగులో మేడం చెల్లెలి గురించి రాస్తున్న కాగితాలు ఉండేవి, ఓడవంటవాడి ఇద్దరు కూతుళ్ళ కథ. ఎన్నేళ్ళ తర్వాతో మొదలుపెట్టిన పెద్ద కథ. సగం కాలి, సగం నీళ్ళకు ముద్దయిపోయింది. ఒక ఫైర్‌మన్ దాన్ని పారతో ఎత్తి వాకిట్లో పోశాడు.

వాళ్ళ అధికారి మసిబారిన లేసు రుమాలు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇది ఎవరు కట్టారని అడిగాడు. మేడం అంబులెన్సు మెట్టు మీద కూర్చుని ఉంది, మొహానికి ఆక్సిజన్ మాస్కు. నేను ఆవిడకు రెండడుగుల దూరంలో ఉన్నాను. మేడం మాస్కు పక్కకు లాగి, "నేనే. మా ఇంట్లో చావు జరిగింది" అంది. ఆయన ఆవిడ మోకాళ్ళకు కట్టుకున్న పట్టీల వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నేను నా బూట్ల వంక చూశాను. ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో నేను చాలాసార్లు ఆ వీధిలోకి తిరిగి వెళ్ళి, "నేను కట్టాను సార్, అసలు అలాంటి ఆచారమే లేదు" అని చెప్పాను. మనసులో చెప్పుకోవడానికి ఏముంది, ఎన్నిసార్లైనా చెప్పుకోవచ్చు.

చెప్పి తీరాలనే ఆసుపత్రికి వెళ్ళాను. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. మేడం గొంతు గరగరలాడుతోంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. కాలిన కాగితాల గురించి అడుగుతుందనుకున్నాను. "సునందా, అది తొమ్మిదో రోజే కదా. ఇంకా రెండు రోజులుంది. ఆ ట్రక్కులు, ఆ సైరన్లు... ఐరిస్ ఉలిక్కిపడి ఉంటుందా?" అంది. నేను కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి. "లేదు మేడం, ఆవిడ అప్పటికే నది దాటేసి ఉంటారు" అన్నాను. మేడం కళ్ళు మూసుకుని తల ఊపింది, చెయ్యి మాత్రం వదల్లేదు. నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో దీన్ని ఒక్కదాన్ని క్షమించుకోవచ్చేమో అనుకుంటాను. మళ్ళీ వెంటనే, మొదటిది చెప్పకపోతే దీని అవసరమే ఉండేది కాదు కదా అనిపిస్తుంది.

ఆవిడ ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడలేదు. ఐరిస్ కొడుకు వచ్చి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాడు, ఇల్లు అమ్మేశారు. మేము ఆరుగురున్న గదిలో ఏడో మనిషి, ఎనిమిదో మనిషి అయ్యాం. ఏ ఇల్లు పోతుందని ఇంత చేశానో ఆ ఇల్లు అలా పోయింది. తర్వాత సౌజన్య ఒషావా వెళ్ళిపోయింది, నేను గ్వెల్ఫ్ వచ్చాను. ఒకరోజు తపాలాలో సన్నటి పుస్తకం వచ్చింది. మిషిగన్‌లో చిన్న ప్రచురణ సంస్థ వేసింది. మొదటి పేజీలో, సునందకూ ఆమె నాయనమ్మకూ అని ఉంది. లోపల ఒక చీటీ, పెన్సిలుతో. బాగున్నావా, ఏమైనా రాస్తున్నావా, ఒక ఉత్తరం రాయి అని. జవాబు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నిజం రాయాల్సి వస్తుంది, అందుకని అసలే రాయలేదు. ఆవిడ పోయిన సంగతి ఇండియన్ గ్రోసరీలో లైన్లో నిలబడి ఫోన్ చూస్తుంటే తెలిసింది. ముందున్న మనిషి కదిలాడు, నేనూ కదిలాను, కొత్తిమీరకు డబ్బులిచ్చి ఇంటికొచ్చాను.

మా నాయనమ్మ మాత్రం రాయిలాగా బతికింది. మేడం ఇంకా బతికుండగానే ఒకసారి సెలవుకు వెళ్ళినప్పుడు ఉండబట్టలేక ఆవిడ ఒక్కదానికే జరిగిందంతా చెప్పాను. తనను చంపేశానని విని మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. "నా పేరు చెప్పి దాని నోరు మూయించావుటే" అంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. "అయితే ఆ పదకొండు రోజులూ మీరు తాలింపులు పెట్టుకున్నారా? చావింట్లో తాలింపు పెట్టకూడదని తెలీదుటే నీకు? మైల తీరేదాకా పప్పైనా చారైనా ఉత్తదే తింటాం. కొంపలో మనిషి పోయాడని వీధికి తెలిసేదే తాలింపు వాసన రాకపోవడంతో." నాకు తెలుసు. తాతయ్య పోయినప్పుడు నేనూ ఆ ఉత్త పప్పే తిన్నాను. ఏ తాలింపు కోసం అబద్ధమాడానో, నిజమైన ఆచారం ఆ తాలింపు మానడమే. "ఆవిడకి నిజం చెప్పావా?" అని అడిగింది నాయనమ్మ. లేదన్నాను. "వెళ్ళి చెప్పవే తల్లీ. అందాకా ఆవిడ లెక్కలో నేను చచ్చినదాన్నే, నా కోసం ఆవిడ ఊరికే చెప్పులిప్పుకున్నట్టే" అంది. రోవీనా మేడం పోయాక కూడా మూడేళ్ళు బతికి, నాయనమ్మ ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని ఇక లేవలేదు.

ఆదివారం దాకా మేఘన ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించి ఉంచింది. కవిత కంఠతా పట్టేసింది. వచ్చే పోయే ప్రతిసారీ దాని వంక చూసి గర్వంగా నవ్వుతోంది, క్లాసులో మొదటిసారి తన గురించి ఒక కవిత. ఔనని ఒక్క మాట అంటే పోయేదేముంది అని కూడా అనిపించింది. మళ్ళీ అదే పెన్సిలు నా చేతిలో పెట్టినట్టే ఉంది. ఆదివారం సాయంత్రం పప్పు ఉడుకుతుండగా పిల్లను గట్టు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. రుమాలు, రబ్బరు బ్యాండు, నాయనమ్మ, పెన్సిలు, కుర్చీ, బూట్లు, ఆసుపత్రి. ఏదీ దాచలేదు. పిల్ల మొహం వాడిపోయింది. "సో ఇట్స్ ఫేక్" అంది. ఆచారం ఫేకేనమ్మా, ఆవిడ మాత్రం కాదు అన్నాను. "డిడ్ యూ సే సారీ?" అని అడిగింది. లేదన్నాను. మేఘన కాళ్ళూపుతూ ఫ్రిజ్ మీది కాగితం వంక చూసింది. అప్పుడు అడిగింది. "షి వాజ్ క్వయెట్ ఫర్ యువర్ గ్రాండ్‌మా. హూ వాజ్ క్వయెట్ ఫర్ హర్?"

మీ నాయనమ్మ కోసం ఆవిడ నిశ్శబ్దంగా ఉంది, మరి ఆవిడ కోసం ఎవరున్నారు అని. నేను కొత్తిమీర కొనుక్కుని ఇంటికొచ్చాను. అదీ జవాబు. స్టవ్వు మీద తాలింపు గరిటెలో నూనె కాగుతోంది, పక్కనే ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు సిద్ధంగా ఉన్నాయి. స్టవ్వు ఆపేశాను. తీసి పెట్టుకున్న మిరపకాయలు మళ్ళీ డబ్బాలో వేసేశాను. పైన మా అలారం ఏ గుడ్డా లేకుండా పచ్చ దీపం వెలిగించుకుని ఉంది. ఎందుకు ఆపేశావని మేఘన అడిగితే, మనకు నిజంగా ఉన్న ఆచారం ఇదీ అని చెప్పాను. రేపు క్లాసులో రెండూ చెప్తానంది, మీ అమ్మ అబద్ధం ఆడిందని కూడా చెప్పమన్నాను. సరేనంది, కాస్త దిగులుగానే.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి కంచం వంక, తర్వాత నా మొహం వంక చూశాడు. విజయవాడ మనిషి, అలాంటి ఇంట్లోనే పెరిగినవాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఎవరు పోయారు?"

"రోవీనా మేడం" అన్నాను.